ఇటుకల అడవిలో ఆకు పండితే

ఈ ఏడు మా సైన్సు ఎగ్జిబిషన్‌లో నేను బొమ్మ ఇటుకలతో ఆకురాలు కాలపు అడవిని కట్టాను. "పిల్లలాటలో సైన్సేముందోయ్?" అని మిత్రులు నవ్వారు. ఉంది మిత్రులారా, వినండి.

అది మన అడవి కాదు. మన టేకు చెట్లు వేసవి ముందు నీటి ఎద్దడికి ఆకు రాలుస్తాయి. నేను కట్టింది అమెరికా ఈశాన్యాన వెర్మాంట్‌లోని మేపుల్ అడవి. అక్కడ సెప్టెంబరు, అక్టోబరుల్లో పొద్దు తగ్గి, చలి మొదలయ్యేసరికి చెట్లు రంగు మారతాయి.

వాడినవి లెక్చరరుగారి అబ్బాయి దగ్గర అరువు తెచ్చిన లెగో ఇటుకలు. డెన్మార్క్‌లో 1958లో పేటెంటుకు ఎక్కిన రకం. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు, పలచటి పలక ఎత్తు 3.2. మూడు పలకలు పేరిస్తే ఒక ఇటుక. మానుకు గోధుమరంగు ఇటుకల్ని, మేస్త్రీ గోడ కట్టినట్టు, అతుకు మీద అతుకు రాకుండా పేర్చాను. ఆకులకు పసుపు పలకలు పెట్టి, వాటిపై పచ్చ పలకలు కప్పాను. కిటుకంతా ఇక్కడే వుంది.

పచ్చ పలక ఊడదీస్తే కింద పసుపు కనిపిస్తుంది. నిజం ఆకులో జరిగేదీ అదే. పత్రహరితం విరిగిపోగానే, అన్నాళ్లూ దాని చాటున వున్న కెరోటినాయిడ్లు బయటపడతాయి. పసుపు కొత్తగా వచ్చింది కాదన్నమాట! ఎరుపు సంగతి వేరు. ఆంథోసయనిన్ అనే ఆ రంగును ఆకు రాలబోయే ముందు కొత్తగా తయారు చేసుకుంటుంది. అందుకే ఎర్ర పలకలు డబ్బాలోంచి విడిగా తీసి అతికించాను.

చూడవచ్చిన మా నాన్న పసుపు చెట్టు దగ్గర ఆగి, "ఏరా, ఆకు పండింది, యూరియా చాల్లేదా?" అన్నాడు. చుట్టూ వున్నవాళ్లు గొల్లున నవ్వారు. నేను నాన్న వైపు మాట్లాడకుండా తల దించుకున్నాను.

ఆ రాత్రి హాస్టల్లో పుస్తకం తిరగేశాక సిగ్గేసింది. నత్రజని చాలని వరిలో ముందు పండేది కింది ముదురాకులే. పైరు వాటిలోని నత్రజనిని లాగి లేతాకులకు పంపుతుంది. మేపుల్ కూడా రాలబోయే ఆకులోంచి నత్రజనిలో చాలా భాగం వెనక్కి తీసుకుని, కొమ్మల్లో, మానులో, వేళ్లలో దాచి, వసంతంలో చిగుళ్లకు ఖర్చు పెడుతుంది. ఒకచోట కరువు, ఇంకోచోట ఋతువు. కారణాలు వేరైనా చెట్టూ పైరూ చేసే పొదుపు ఒకటే. నాన్న అడిగింది తెలివితక్కువ ప్రశ్న కాదు. ఆ రోజు అడిగిన ప్రశ్నలన్నిటిలోకీ సైన్సుకు దగ్గర ప్రశ్న.

ఇటుకలు విప్పి తిరిగి ఇచ్చేశాను. నాన్నకు బాకీపడ్డ జవాబు మాత్రం నా దగ్గరే వుంది. ఈ సంచిక చేతికి రాగానే ఊరికి పట్టుకెళ్లి, ఆయనకు చదివి వినిపించాలి.