అనుదినాశ్రయము

దేవునిపై భారము వేసి బ్రదుకుట యనగానే మన యిండ్లలో రెండు విధములైన తలంపులు పొడసూపుచుండును. కొందఱు దానిని ఆపత్కాలమునకు దాచుకొన్న మందువంటి దనుకొందురు. బిడ్డకు జ్వరము హెచ్చిననాడో, అప్పులవాడు గుమ్మములో గూర్చున్ననాడో మాత్రమే యది వారికి జ్ఞప్తికి వచ్చును. మఱికొందఱు అది సోమరితనమునకు భక్తులు పెట్టుకొన్న మాఱుపేరని నవ్వుదురు. నెలజీతము మొదటివారమున వచ్చి మూడవవారమునకే మాయమగు బడిపంతులుగారి యింటిలో, క్రీస్తును నమ్ముకొని కాపురము చేయుచున్న మాకు ఈ రెండు మాటలును తఱచుగా వినవచ్చునవే. క్రీస్తుపై దినదినము ఆనుకొని జీవించుట యీ రెండింటిలో నొకటియు గాదని మేము తలంచుచున్నాము.

మేము చిన్ననాట మా తండ్రిగారియొద్ద భాగవతము చదువుకొంటిమి. గజేంద్రుడు బలమున్నంతకాలము మొసలితో పోరాడి, శక్తి యుడిగిన పిదపగాని మొఱపెట్టలేదు. ఆ మొఱ గొప్పదే. కాని క్రీస్తు తన శిష్యులకు నేర్పిన ప్రార్థనలో అడుగుమన్నది ఏనాటి యాహార మానాటికే. మొసలి పట్టని దినములలోగూడ, గాదెలో ధాన్య ముండగానే, నేటి యన్నమునకై చేయి చాపుమనుట యందలి విశేషము. ఇశ్రాయేలీయులకు అరణ్యమున మన్నా కురిసిన వృత్తాంతము నిర్గమకాండమున గలదు. మఱునాటికని దాచుకొన్నది పురుగుపట్టి కంపుకొట్టెను; విశ్రాంతిదినమునకు ముందునాడు మాత్రమే రెండింతలు కూర్చుకొనుటకు సెలవు. (వంటయింటివారము గనుక ఈ సంగతి మనకు పురుషులకంటె త్వరగా నర్థమగును.) ఎండ యెక్కిన కరగిపోవునది గావున వేకువనే లేచి యేరుకొనుట వారి పని. కురిపించుట మాత్రము వారి పని గాదు. సోమరితనమని నవ్వువారు ఈ రెండవ మాటను విని మొదటి మాటను మఱచుచున్నారు.

పుస్తకముల బోధకంటె ఒక స్త్రీ బ్రదుకు మాకీ విషయమును ఎక్కువగా విశదపఱచినది. ఆమె పండిత రమాబాయి. 1858లో పడమటి కనుమల యడవిలో గంగామూలయొద్ద జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే లోకనిందకు వెఱవక భార్యకు సంస్కృతము నేర్పెను; ఆ తల్లి లక్ష్మీబాయి తన కూతునకు భాగవతము వల్లింపజేసెను. పురాణములు చదువుచు క్షేత్రములు తిరుగుటయే యా కుటుంబమునకు జీవనము. క్షామము వచ్చినప్పుడు ఉన్నదంతయు వ్యయమై, మన తిరుపతి ప్రాంతపు టడవులలో ఆకులు నమలి నీరు త్రాగి దినములు గడపిరి. మరణము సమీపించిన తండ్రి యామెను దగ్గఱకు దీసికొని, నిన్ను దేవుని చేతి కప్పగించితిని, ఆయననే సేవింపుమని చెప్పినట్లు ఆమెయే వ్రాసినది. 1874లో తలిదండ్రులు గతించిరి. అక్కయు వారి వెనుకనే పోయెను. అన్నతో 1878లో కలకత్తా చేరగా అచ్చటి పండితులు ఆమెకు పండిత, సరస్వతి యను బిరుదు లిచ్చిరి. 1880లో అన్న మరణించెను. ఆ యేటనే వివాహమాడిన భర్త 1882లో పోయెను. చంటిబిడ్డ మనోరమ యొక్కతె మిగిలినది.

తండ్రి, భర్త, కొడుకు అని స్త్రీకి ముగ్గు రాశ్రయులను మన పెద్దలు లెక్కించి పెట్టిరి గదా! రమాబాయికి ఆ మొదటి యిద్దఱును పోయిరి, మూడవవాడు లేడు. ఆశ్రయమనునది మనకు క్రొత్తమాట కాదు గాని, ఎవరి నాశ్రయించితి మనునది మనమెన్నడును విచారింపని మాట.

1883 సెప్టెంబరు 29న ఇంగ్లండులోని వాంటేజిలో ఆమె బాప్తిస్మము పొందెను. అచ్చటి సన్యాసినులు చెప్పిన ప్రతి సిద్ధాంతమునకు తల యూపక, వారితో ఉత్తరములలో వాదించెను. 1889లో బొంబాయిలో వితంతువులకై శారదాసదనము స్థాపించెను. ఇంత చేసిన తరువాతగూడ, తాను క్రైస్తవమతమును స్వీకరించితినేకాని క్రీస్తును కనుగొనలేదని, బాప్తిస్మమునకు ఎనిమిదేండ్ల పిమ్మటగాని యది సంభవింపలేదని, 1907లో వ్రాసిన తన సాక్ష్యమున నామె చెప్పుకొన్నది. ఈ మాట మమ్ము మిక్కిలి కలతపెట్టినది. సంఘపు పుస్తకమున మన పేరుండవచ్చును, గూటిలో కీర్తనల పుస్తక ముండవచ్చును, ఆదివారమున ఉతికిన చీర కట్టుకొని పోవుచుండవచ్చును. ఒక్కదినమైన ఆయనపై నానుకొనకయే ముదిమి రావచ్చును. రమాబాయివంటి విదుషీమణికే విద్య చాలకపోయినది.

శారదాసదనమునకు అమెరికాలోని స్నేహితులు పదియేండ్లవరకు ధనసాహాయ్యము చేయుదుమని మాట యిచ్చియుండిరి. ఆ గడువు 1898తో తీఱును. ఆ దినములలో ఆమె జార్జి ముల్లరు చరిత్ర చదివెను. ఆయన ఇంగ్లండులోని బ్రిస్టలులో మనుష్యుల నెవరిని ధన మడుగక, అప్పు చేయక, దేవుని మాత్రమే యడుగుచు 10,000 మందికి పైగా అనాథలను పోషించినవాడు. ఇంగ్లండున నమ్మదగిన ప్రభువు హిందూదేశమున నమ్మదగనివాడా యని రమాబాయి తన్ను తాను ప్రశ్నించుకొన్నది. ప్రశ్నించి ఊరకుండలేదు. పుణెకు తూర్పున కెడ్గాములో దాదాపు 100 ఎకరముల నేల కొని పండ్లచెట్లు నాటించెను. 1896-97 క్షామమున, తానొకప్పుడు పడిన యాకలిని తలంచుకొని, మధ్యరాష్ట్రములకు స్వయముగా బోయి దిక్కులేని బాలికలను తోడ్కొని వచ్చెను. పుణెలో మహామారి భయముచే వారి నుంచుకొనుటకు వీలులేక కెడ్గాములో డేరాలు వేయించెను. అదియే ముక్తి యనబడినది. 1900 క్షామము తరువాత అచ్చట దాదాపు 2000 మంది యుండిరి. అంతమందికి పొయ్యి వెలిగించుట యెట్టిదో ఆఱుగురికి వండువారమైన మనము ఊహించుకొనవలసినదే. అచ్చటివారు మగ్గము నేసిరి, పొలము దున్నిరి, గానుగ తిప్పిరి, అచ్చుయంత్రము నడపిరి. ధనము ఆకాశమునుండి రాలలేదు. దూరదేశములవారు పంపినదే వచ్చెను. అయినను ఆమె లేమిని మొట్టమొదట విన్నవించుకొన్నది ప్రభువునకే.

ఇది చదివి రేపటినుండి లెక్కపుస్తకము మూసివేయుమని మేము చెప్పుట లేదు. అప్పు చేసి పప్పుకూడు తినుచు దానికి విశ్వాసమని పేరు పెట్టువారిని మేమెఱుగుదుము. మావారి కట్టివారియెడల ఓర్పు లేదు, మాకును లేదు. మా యింట జరుగునది స్వల్పము. పొయ్యి రాజేయకముందు కొంతసేపు కూర్చుండి, ఆ దినమున కవసరమైనవాటిని పేరుపేరున ప్రభువుతో చెప్పుకొందుము: చింతపండు, పిల్లవాని దగ్గు, అత్తగారితో మాటాడునప్పుడు మాకు వలసిన మెత్తని నాలుక. ఈ మూడింటిలో కడపటిది దొరకుటయే కష్టము. నిన్న దొరకిన శాంతము నేటికి మిగులదు, మన్నావలెనే.

అడిగినదెల్ల ఇచ్చునను పూచీయు లేదు. తల్లిపనికి వారసురాలు కాదగిన మనోరమ 1921లో మరణించెను. అరువది దాటిన తల్లి యప్పటికి హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చి, చదువు తక్కువైన స్త్రీలకు గూడ తెలియునట్లు బైబిలునంతను మరాఠీలోనికి తెనిగించుచుండెను—మన కలవాటైన మాట యిది, మరాఠీకరించుచుండె నని చదువుకొనుడు. బిడ్డ పోయిన తరువాతను ఆ పని నామె మానలేదు. 1922 ఏప్రిల్ 5న కన్నుమూసెను. 1924లో ఆ గ్రంథము ముక్తిలోని అచ్చుకూటముననే వెలువడినది.