పల్లె దుకాణాలలో ప్రజా వై-ఫై: లైసెన్సు అవసరం లేదు

నంద్యాల జిల్లా పాములపాడు వంటి మండల కేంద్రాలలో టీ హోటలు, కిరాణా దుకాణం నడుపుకొనేవారు సైతం లైసెన్సు గానీ, నమోదు రుసుము గానీ లేకుండానే ప్రజలకు వై-ఫై సేవలు అందించేందుకు 'పి.ఎం.-వాణి' పథకం వీలు కల్పిస్తున్నది. కేంద్ర మంత్రివర్గం 2020 డిసెంబరు 9న దీనిని ఆమోదించినది.

ఒకనాటి ఎస్.టి.డి. బూత్‌ల తరహాలోనే దుకాణదారు బ్రాడ్‌బ్యాండ్ కనెక్షను తీసుకొని, వై-ఫై పరికరం అమర్చుకొని 'పబ్లిక్ డేటా ఆఫీసు'గా వ్యవహరిస్తారు. వినియోగదారులకు అనుమతి, వాడకం లెక్కలు అగ్రిగేటరు సంస్థ చూస్తుంది. సమీపంలోని వై-ఫై కేంద్రాలను మొబైల్ యాప్ చూపుతుంది.

అయితే ఈ సేవ అంతటా ఉచితమన్న అభిప్రాయం సరికాదు. బేరం పెరుగుతుందని దుకాణదారు ఉచితంగా ఇవ్వవచ్చును, స్వల్ప ధరకు అమ్మనూవచ్చును. ఏదైనా, లైను అద్దె గిట్టుబాటు కావలెను. చిక్కంతా అక్కడే వచ్చినది. ఇళ్లకిచ్చే చౌక కనెక్షను కాక, ఖరీదైన లీజు లైను తీసుకోవలసినదిగా సర్వీసు ప్రొవైడర్లు పట్టుబట్టడంతో చిన్న దుకాణదారులు వెనుకంజ వేసినారు.

దీనిపై టెలికాం నియంత్రణ సంస్థ (ట్రాయ్) 2025 జూన్‌లో ఉత్తర్వు జారీ చేసినది. దాని ప్రకారం 200 ఎం.బి.పి.ఎస్. వరకు వేగం గల గృహ ఫైబర్ ప్లానులన్నింటినీ ఈ కేంద్రాలకు కూడా ఇవ్వవలెను. ధర గృహ వినియోగదారుల ధరకు రెట్టింపు మించరాదు.

ఆసక్తి గల దుకాణదారులు తాము ఎంచుకొన్న అగ్రిగేటరు పేరు, సి-డాట్ నిర్వహించే కేంద్ర రిజిస్ట్రీలో నమోదైనదో లేదో ముందుగా సరిచూసుకొనవలెను.