డోడో పక్షి రూపాన్ని మనకు ఇచ్చినవారెవరు?

పిల్లల బొమ్మల పుస్తకాలలో డోడో పక్షిని మనలో చాలామంది చూచియే ఉంటారు. కుండవంటి పొట్ట, కొక్కెమువలె వంగిన ముక్కు, ఎగరడానికి పనికిరాని చిట్టి రెక్కలు చూడగానే నవ్వు తెప్పిస్తాయి. అయితే ఆ పక్షి నిజంగా అలాగే ఉండేదా?

డోడో హిందూ మహాసముద్రంలోని మారిషస్ ద్వీపంలో మాత్రమే జీవించింది. 1598లో డచ్చివారు ఆ ద్వీపంలో దిగారు. ఓడల వెంట చేరిన ఎలుకలు, పందులు, కోతులు నేలమీద పెట్టిన గుడ్లను తినివేశాయి. అడవులూ తరిగిపోయాయి. 1662లో ఒక నావికుడు చూచినదే చివరి నమ్మదగిన సాక్ష్యమని పలువురు పండితుల అభిప్రాయం. నాటినుండి డోడోకు చిత్రపటాలే దిక్కయినవి.

ఆ కాలపు ఐరోపా ప్రభువులకు దూరదేశాల పక్షులను సేకరించడం గొప్ప వేడుక. ప్రేగ్ నగరంలో రెండవ రుడాల్ఫ్ చక్రవర్తి కొలువులో పనిచేసిన రోలాంట్ సావరీ డోడోను పలుమార్లు చిత్రించాడు. సుమారు 1626లో అతడు గీసినదిగా చెప్పే పటం అన్నిటికంటె ప్రసిద్ధమైనది. దానిని పక్షిశాస్త్రజ్ఞుడు జార్జ్ ఎడ్వర్డ్స్ 1759లో బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చాడు. లావుపాటి డోడో రూపం లోకంలో స్థిరపడడానికి ముఖ్యకారణం ఈ పటమే. తరువాతివారు పక్షిని చూచి కాక, పటాన్ని చూచి గీశారు. ఎముకలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు మాత్రం, స్వేచ్ఛగా తిరిగిన డోడో అంత లావుగా ఉండి ఉండదని తేల్చారు. బందీగా ఉంచి అతిగా మేపిన పక్షినో, గడ్డి కూరిన చర్మాన్నో చూచి గీయడమే ఈ పొరపాటుకు కారణం కావచ్చు.

రెండవ సాక్ష్యం మన దేశానిదే. సూరత్‌లో రెండు డోడోలను చూచినట్లు ఆంగ్ల యాత్రికుడు పీటర్ మండీ వ్రాశాడు. ఆ శతాబ్దపు మొగలు చిత్రమొకటి రష్యాలోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్నది. జహంగీరు ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూరు దానిని గీశాడని భావిస్తారు. అందులోని డోడో సావరీ డోడోకన్న సన్నగా ఉంటుంది. చుట్టూ ఉన్న ఇతర పక్షులు ఏ జాతివో నేటికీ గుర్తించవచ్చు. వాటిని అంత నిజంగా గీసిన చేయి డోడోనూ అలాగే గీసి ఉంటుందని శాస్త్రజ్ఞుల నమ్మకం.

డోడో పావురాల కుటుంబానిదని, నేడు జీవించియున్న పక్షులలో నికోబార్ పావురం దానికి దగ్గరి బంధువని 2002లో జన్యుపరీక్ష నిరూపించింది. ఆ పరీక్షకు ఆధారం ఆక్స్‌ఫర్డ్‌లో మిగిలిన ఒక తల, ఒక పాదం.

రామచిలుకను గీయమంటే మన పిల్లలు వెంటనే పుస్తకం తెరుస్తారు. ముందుగా వారిని పెరటి జామచెట్టు క్రిందికి తీసుకొని వెళ్లండి. చూచి గీయడానికి చిలుక ఇంకా మన మధ్యనే ఉన్నది.