సర్వేకు కాయిన్లు సరే... ఫోన్ నంబరుకు తాళం ఏదీ?

2010లో అమెరికాలో గావిన్ ఆండ్రీసెన్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు 50 డాలర్లు పెట్టి 10 వేల బిట్‌కాయిన్లు కొన్నాడు. దాచుకోవడానికి కాదు, పంచిపెట్టడానికి. ఈ కొత్త డబ్బు నలుగురి చేతుల్లో పడితే తప్ప నిలబడదని అతని నమ్మకం. అందుకే ఒక చిన్న వెబ్‌సైట్ తెరిచి, వచ్చినవాళ్లకి తలా 5 బిట్‌కాయిన్లు ఇస్తూ పోయాడు. దాని పేరు బిట్‌కాయిన్ ఫాసెట్. ఫాసెట్ అంటే కుళాయి. తిప్పితే కాయిన్లు రాలేవి. బదులుగా అతను అడిగిందల్లా తెర మీది వంకరటింకర అక్షరాలు చదివి టైపు చేయమని, అంతే. పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఏవీ అక్కర్లేదు. తాను కొన్న ధర ప్రకారం ఆ 5 కాయిన్ల విలువ రెండున్నర సెంట్లు.

ఆ కుళాయి ఎప్పుడో ఎండిపోయింది కానీ ఆ వరస మాత్రం మిగిలింది. ఇప్పుడు సర్వేలు నింపితే, ఆటలు ఆడితే, యాప్‌లు దింపుకుంటే పాయింట్లు ఇచ్చి, ఆ పాయింట్లను బిట్‌కాయిన్‌గానో లైట్‌కాయిన్‌గానో మార్చి పంపే సైట్లు చాలా ఉన్నాయి. ఒక్కో సర్వేకు వచ్చేది కొన్ని సెంట్లు, బాగా కలిసొస్తే డాలరో రెండు డాలర్లో. ఇంత చిన్న మొత్తాన్ని బ్యాంకు ద్వారా దేశం దాటించాలంటే ఖర్చే అసలును మింగేస్తుంది. లైట్‌కాయిన్ వంటి క్రిప్టోల్లో ఆ ఖర్చు చాలా తక్కువ. సైట్లు కాయిన్లకు మొగ్గు చూపడానికి ఇది ఒక ముఖ్య కారణం.

కాలేజీ కుర్రాడో ఇంట్లో ఉండే గృహిణో ఇలాంటి సైట్‌లో వారం పది రోజులు కూర్చుని 5 డాలర్లు పోగేస్తారు. విత్‌డ్రా నొక్కగానే తెర మీద ఒక పెట్టె లేస్తుంది: మీ ఫోన్ నంబరు ఇవ్వండి, ఓటీపీ వస్తుంది. అక్కడ చాలామందికి ఒకేసారి రెండు సందేహాలు వస్తాయి. అయిదు డాలర్ల కోసం నంబరు ఎందుకివ్వాలి? ఇస్తే అకౌంటుకు భద్రత వచ్చినట్టేనా?

మొదటి సందేహానికి సమాధానం సర్వే డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చూస్తే దొరుకుతుంది. సబ్బుల కంపెనీకో బీమా సంస్థకో వెయ్యిమంది అభిప్రాయం కావాలి. ఆ సంస్థ మార్కెట్ పరిశోధన కంపెనీకి డబ్బు కడుతుంది, ఆ కంపెనీ సర్వే సైట్‌కు ఇస్తుంది, అందులో చిల్లర మనిషికి చేరుతుంది. వెయ్యిమంది అనుకున్న చోట ఒక్కడే యాభై పేర్లతో కూర్చుంటే ఆ గొలుసంతా వ్యర్థం. ఇది ఊహించుకున్న భయం కాదు. 2025 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో ఎనిమిది మంది మీద అభియోగాలు నమోదయ్యాయి. నిజమైన మనుషులు ఇచ్చినవంటూ కల్పిత సర్వే సమాధానాలు అమ్మి కోటి డాలర్ల మేర బిల్లులు వేశారన్నది ఆరోపణ. అదే ఏడాది నవంబరులో డార్ట్‌మత్ కళాశాల పరిశోధకుడు షాన్ వెస్ట్‌వుడ్ ఇంకో కలవరపెట్టే సంగతి ప్రచురించాడు. మనిషిలా నటిస్తూ సర్వేలు నింపే కృత్రిమ మేధ ప్రోగ్రామ్‌ను తయారుచేసి పరీక్షిస్తే, మనిషో యంత్రమో పసిగట్టడానికి పెట్టిన ప్రశ్నల్లో 99.8 శాతం దాటేసింది. వంకర అక్షరాలతో యంత్రాన్ని ఆపగలిగిన రోజులు పోయాయి.

అందుకే సైట్లు సిమ్ కార్డును పట్టుకున్నాయి. ఈమెయిళ్లు ఎన్నయినా ఉచితంగా తెరవొచ్చు. సిమ్ అలా కాదు. మన దేశంలో దానికి గుర్తింపు పత్రం కావాలి, ఒకరి పేరు మీద తొమ్మిదికి మించి ఉండకూడదు. ఒక నంబరు, ఒక అకౌంటు, ఒక మనిషి అన్నది సైట్ వేసుకునే లెక్క. ఇంటర్నెట్‌లో పుట్టించిన నంబర్లను చాలా సైట్లు ఒప్పుకోకపోవడానికీ ఇదే కారణం. అమెరికా సర్వేలకు ఎక్కువ డబ్బు వస్తుందని వీపీఎన్ పెట్టుకుని అమెరికావాసిగా నమోదైనవాళ్లు కూడా ఇక్కడే దొరికిపోతారు. అకౌంటులో అమెరికా, నంబరు ముందు +91. రోజుల తరబడి చేసిన పని విత్‌డ్రా దగ్గర ఆగిపోతుంది.

అడ్డదారిలో నంబర్లు అమ్మే వ్యాపారం కూడా పెద్దదే. 2025 అక్టోబరులో యూరప్ పోలీసులు లాత్వియాలో ఒక ముఠాను పట్టుకున్నారు. వాళ్ల దగ్గర సిమ్‌లు గుచ్చి నడిపే యంత్రాలు 1,200, పనిచేస్తున్న సిమ్ కార్డులు 40 వేలు దొరికాయి. ఓటీపీ అందుకోవడానికి నంబర్లు అద్దెకివ్వడమే వాళ్ల పని. అలా తెరిచిన నకిలీ అకౌంట్లు 4 కోట్ల 90 లక్షలకు పైనేనని దర్యాప్తులో తేలింది. మన దగ్గర ఎవరైనా 'ఒక్క ఓటీపీ చెప్పు, యాభై రూపాయలు ఇస్తా' అంటే ఇదే వ్యాపారంలో ఒక ముక్క అనుకోవాలి. ఆ నంబరుతో జరిగే మోసానికి పోలీసులు ముందు తలుపు తట్టేది సిమ్ ఎవరి పేరు మీద ఉందో వారి ఇంటిదే.

ఇక రెండో సందేహం. నంబరు ఇచ్చి ఓటీపీ కొడితే అకౌంటు భద్రమైనట్టేనా? కాదు. ఈ వ్యాసంలో పాఠకుడు ఒక్క మాటే గుర్తుంచుకోవాలనుకుంటే ఇది గుర్తుంచుకోవాలి. నంబరు ధ్రువీకరణ సైట్ తన డబ్బు కోసం వేసుకున్న కంచె. మీ డబ్బుకు వేసిన తాళం కాదు. రెండిటికీ ఒకే ఓటీపీ వాడడంతో జనం ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటున్నారు.

ఎస్సెమ్మెస్ ఓటీపీ వృథా అని చెప్పడం కూడా తప్పే. 2019లో గూగుల్ విడుదల చేసిన పరిశోధన ప్రకారం, యంత్రాలు గుడ్డిగా చేసే దాడులన్నిటినీ అది ఆపగలిగింది. ఒకేసారి వేలమందికి వల వేసే ఫిషింగ్‌లో 96 శాతం ఆపింది. కానీ ఒక మనిషిని ఎంచుకుని గురిపెట్టి చేసే దాడుల్లో ఆపింది 76 శాతమే. మిగిలిన నాలుగో వంతులోనే కథంతా ఉంది.

అలా గురిపెట్టి చేసే దాడుల్లో ఒకటి సిమ్ స్వాప్. దొంగ మీ ఫోన్ ముట్టుకోడు. మీ పేరుతో నకిలీ గుర్తింపు కార్డు పట్టుకుని మొబైల్ దుకాణానికి వెళ్లి 'సిమ్ పోయింది, కొత్తది ఇవ్వండి' అంటాడు. ఆ క్షణం నుంచి మీ చేతిలోని ఫోన్ మూగబోతుంది, మీ ఓటీపీలు అతని ఫోన్‌లో మోగుతాయి. 2018 జనవరిలో మైకేల్ టెర్పిన్ అనే క్రిప్టో పెట్టుబడిదారు ఇలాగే సుమారు 2 కోట్ల 40 లక్షల డాలర్ల కాయిన్లు పోగొట్టుకున్నాడు. 2019 ఆగస్టులో అప్పటి ట్విటర్ అధిపతి జాక్ డోర్సీ సొంత ట్విటర్ ఖాతానే దొంగలు కాసేపు నడిపారు. అక్కడా నంబరే దారి.

అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెక్‌కు జరిగినది. 2024 జనవరి 9న ఆ సంస్థ ఎక్స్ ఖాతాలో, బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లకు అనుమతి ఇచ్చామంటూ ఒక ప్రకటన వచ్చింది. బిట్‌కాయిన్ ధర వెయ్యి డాలర్లకు పైగా ఎగిరింది. ప్రకటన అబద్ధమని తేలాక 2 వేల డాలర్లకు పైగా పడింది. అసలు అనుమతి మర్నాడు వచ్చింది. దర్యాప్తులో బయటపడిన పద్ధతి మాత్రం పాతదే. అలబామాకు చెందిన ఎరిక్ కౌన్సిల్ అనే యువకుడు నకిలీ కార్డు ముద్రించుకుని, ఆ ఖాతాకు జతచేసిన నంబరుకు కొత్త సిమ్ తీసుకున్నాడు. కొత్త ఫోన్ కొని సిమ్ వేసి, వచ్చిన కోడ్‌లను తన ముఠాకు అందించాడు. 2025 మేలో అతనికి 14 నెలల జైలుశిక్ష పడింది. ఆ ఖాతాకు ఉండాల్సిన రెండో తాళాన్ని, లాగిన్ ఇబ్బందుల వల్ల, సిబ్బంది కోరిక మీద ఆరు నెలల ముందే తీసేశారు.

ఐదు డాలర్ల సర్వే అకౌంటు కోసం ఇంత కష్టపడి సిమ్ స్వాప్ చేసేదెవరు అనిపించవచ్చు. దొంగకు కావలసింది ఆ ఐదు డాలర్లే కాకపోవచ్చు. అదే నంబరుకు ఈమెయిల్ ఉంది, బ్యాంకు ఉంది, క్రిప్టో ఎక్స్చేంజీ ఉంది. సర్వేల్లో ఆ మనిషి వయసు, జీతం, ఊరు, కుటుంబం అన్నీ తానే రాసిచ్చాడు. 2021లో కాయిన్‌బేస్ ఎక్స్చేంజీలో కనీసం 6 వేల మంది ఖాతాదారుల కాయిన్లు పోయాయి. దొంగల దగ్గర అప్పటికే వాళ్ల ఈమెయిల్, పాస్‌వర్డ్, ఫోన్ నంబరు ఉన్నాయి. ఎస్సెమ్మెస్‌తో అకౌంటు తిరిగి పొందే విధానంలోని లోపం మిగతా పని పూర్తిచేసింది. కాయిన్‌బేస్ పెద్ద సంస్థ కాబట్టి నష్టం భర్తీ చేసింది. చిరునామా కూడా సరిగా లేని సర్వే సైట్ నుంచి అలాంటిది ఆశించలేం.

పోనీ నంబరు పుచ్చుకున్న సంస్థ దాన్ని అందుకే వాడుతుందా? భద్రత కోసమని తీసుకున్న నంబర్లను ప్రకటనల కోసం వాడినందుకు 2022లో ట్విటర్ 15 కోట్ల డాలర్లు జరిమానాగా కట్టింది. అంత పేరున్న సంస్థే ఆ పని చేసినప్పుడు, చిన్న సైట్లకు బ్యాంకుతో ముడిపడ్డ నంబరు ఇవ్వకపోవడం మంచిది. ఇంట్లో రెండో సిమ్ ఉంటే, అది సొంత పేరు మీదే ఉంటే, దానికి ఇదే మంచి ఉపయోగం. రీచార్జి మాత్రం మానకూడదు.

మానేస్తే ఏమవుతుందో ప్రిన్స్‌టన్ పరిశోధకులు కెవిన్ లీ, అర్వింద్ నారాయణన్ 2021లో చూపించారు. అమెరికా మొబైల్ కంపెనీలు కొత్తవారికి ఇవ్వడానికి పెట్టిన 259 నంబర్లు తీసి చూస్తే, 171 నంబర్లకు పాత యజమానుల ఆన్‌లైన్ అకౌంట్లు ఇంకా అతుక్కునే ఉన్నాయి. మన దేశంలోనూ ఆగిపోయిన నంబరును కనీసం 90 రోజుల తర్వాత వేరొకరికి ఇవ్వొచ్చు. కొత్త సిమ్ కొన్నవారికి 'ఈ నంబరుతో ఇప్పటికే అకౌంటు ఉంది' అని కనబడడానికీ ఇది ఒక కారణం.

సిమ్ స్వాప్ విషయంలో మన నిబంధనలు కొంత మేలే. సిమ్ మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపాలని టెలికాం శాఖ 2022లో ఆదేశించింది. సిమ్ మార్చిన ఏడు రోజుల వరకు వేరే కంపెనీకి పోర్ట్ కాకుండా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన నియమం 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. అంటే కారణం లేకుండా ఫోన్‌లో సిగ్నల్ పోతే సరిదిద్దుకోవడానికి ఒక రోజు గడువు ఉంది. 'టవర్ సమస్యలే' అని పడుకుంటే ఆ గడువు నిద్రలోనే పోతుంది. తమ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో చూసుకోవచ్చు. 2021లో ఈ సౌకర్యం మొదట అందింది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లకే.

అసలు తాళం వేరే ఉంది. అథెంటికేటర్ యాప్. సైట్ ఒక రహస్య సంఖ్యను క్యూఆర్ కోడ్‌గా చూపిస్తుంది, యాప్ దాన్ని ఫోన్‌లో దాచుకుంటుంది. ఆ రహస్యాన్నీ అప్పటి సమయాన్నీ కలిపి సాధారణంగా 30 సెకన్లకోసారి ఆరంకెల కోడ్ పుడుతుంది. ఎస్సెమ్మెస్ లేదు, టవర్ లేదు, మొబైల్ దుకాణం లేదు. సిమ్ దొంగ చేతికి పోయినా కోడ్ పోదు. ఫోన్ పాడైతే తామే బయట చిక్కుకుపోకుండా, సైట్ ఇచ్చే బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోవాలి. ఈ యాప్‌ను ముందు తగిలించాల్సింది సర్వే సైట్‌కు కాదు, ఈమెయిల్‌కు. పాస్‌వర్డ్ మార్చే లింకులన్నీ వచ్చేది అక్కడికే కదా. అచ్చం అసలు సైట్‌లా ఉన్న నకిలీ పేజీలో చేతులారా కోడ్ కొడితే మాత్రం ఈ తాళమూ కాపాడదు. అక్కడ కాపాడేది పాస్‌కీ. అది తాను పుట్టిన సైట్ చిరునామాకు తప్ప మరోచోట పనిచేయదు.

పోగైన కాయిన్లను సైట్‌లో నెలల తరబడి ఉంచకుండా, కనీస మొత్తం చేరగానే సొంత వాలెట్‌కు తెచ్చుకోవాలి. అతికించిన వాలెట్ చిరునామాను మార్చేసే వైరస్‌లున్నాయి కాబట్టి పంపేముందు మొదటి, చివరి అక్షరాలు సరిచూడాలి. తప్పు చిరునామాకు పోయిన కాయిన్‌ను వెనక్కి రప్పించే బ్యాంకు మేనేజరు ఎవరూ లేరు.

నిజమైన సర్వే సైట్ ఏనాడూ అడగనివి రెండు: వాలెట్ రహస్య పదాలు, డబ్బు. 'విత్‌డ్రా కావాలంటే ముందు కొంత డిపాజిట్ చేయండి' అన్న మాట వినబడితే అది సర్వే సైట్ కాదు. 2023 జులైలో హైదరాబాద్ పోలీసులు ఛేదించిన 712 కోట్ల రూపాయల మోసం ఇలాగే మొదలైంది. ఇంట్లో కూర్చుని రేటింగ్, రివ్యూ ఇస్తే డబ్బన్నారు. మొదట కొంచెం ఇచ్చి నమ్మించి, తర్వాత డిపాజిట్లు కట్టించుకుని, ఆ సొమ్మును క్రిప్టోగా మార్చి దేశం దాటించారు. అలాంటిదేదైనా జరిగితే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు దారిలో ఉండగానే ఆపే అవకాశం అంత ఎక్కువ.

అంతకంటే ముందు, ఈ రోజే ఒక పది నిమిషాలు వెచ్చించండి. మీ ఈమెయిల్ సెట్టింగుల్లోకి వెళ్లి రికవరీ నంబరు ఏదుందో చూడండి. ఎప్పుడో వదిలేసిన పాత నంబరు అక్కడ కనిపిస్తే, అది ఈపాటికి వేరొకరి జేబులో ఉండొచ్చు. వెంటనే తీసేయండి.