ఇది జమ్మియేనా?

దసరా దగ్గర పడుతోందంటే మన కుటుంబాలలో జమ్మి కోసం వెదుకులాట మొదలవుతుంది. పూజకు రెమ్మ కావాలి, పెద్దల చేతిలో "బంగారం" పెట్టాలి. ధహ్రాన్, అల్ ఖోబర్ పరిసరాలలో సన్నని ఆకులు, ముళ్ళు ఉన్న చెట్టు కనిపించగానే "ఇదే జమ్మి" అని పిల్లలకు చెప్పేస్తుంటాము. అది చాలావరకు జమ్మి కాదు, మన సర్కారు తుమ్మ.

రెండూ దగ్గర చుట్టాలే. 2022 వరకు శాస్త్రజ్ఞులు రెండింటినీ ప్రోసోపిస్ అనే ఒకే ప్రజాతిలో ఉంచారు. ఆ ఏడాది వచ్చిన పరిశోధన జమ్మిని ప్రోసోపిస్ సినరేరియాగానే ఉంచి, సర్కారు తుమ్మకు నెల్టుమా జూలిఫ్లోరా అని పేరు మార్చింది. దీని పుట్టిల్లు అమెరికా ఖండం. 1870ల చివర్లో దీనిని మన కడప జిల్లా కమలాపురంలో నాటారు. నీడకోసం, ఇసుకను ఆపటంకోసం గల్ఫ్ దేశాలూ తెచ్చుకున్నాయి.

ఒక్క లక్షణంతో డాక్టరు జబ్బు పేరు చెప్పడు. చెట్టు విషయమూ అంతే. ఆకు రెండింటికీ ఇంచుమించు ఒకేలా ఉంటుంది, దానితో తేల్చవద్దు. ముందు ముల్లు చూడండి. సర్కారు తుమ్మ ముళ్ళు పొడుగైనవి, కణుపు దగ్గరే, తరచు జంటగా ఉంటాయి. జమ్మి ముళ్ళు పొట్టివి, అడుగున వెడల్పు. కణుపుతో నిమిత్తం లేకుండా కొమ్మ పొడుగునా అక్కడక్కడా ఉంటాయి. తరువాత కాయ. తుమ్మకాయ లావుగా, బల్లపరుపుగా, పసుపుపచ్చగా ఉంటుంది. జమ్మికాయ సన్నగా వేలాడుతుంది. చివరకు బెరడు: ముదురు జమ్మి బెరడు బూడిదరంగులో, లోతైన పగుళ్ళతో ఉంటుంది. సినరేరియా అంటే లాటిన్‌లో బూడిదరంగుదనే అర్థం.

పేరుతోపాటు ఆరోగ్యం సంగతీ ఉంది. సర్కారు తుమ్మ పుప్పొడి ఈ ప్రాంతంలో తుమ్ములకు, ఉబ్బసానికి తెలిసిన కారణం. ఉబ్బసం ఉన్న పిల్లలను పూత సమయంలో దాని కిందకు పంపకండి. ముల్లు కీలు దగ్గర గుచ్చుకుని లోపల విరిగితే, కొన్ని వారాల తరువాత కూడా వాపు రావచ్చు. డాక్టరుకు చూపించి, ధనుర్వాతం టీకా సంగతి అడగండి.

అరబ్బులు జమ్మిని గాఫ్ అంటారు. యు.ఎ.ఇ. 2008లో దానిని జాతీయ వృక్షంగా, తెలంగాణ 2014లో రాష్ట్ర వృక్షంగా ప్రకటించాయి. మనకు దగ్గరలో బహ్రెయిన్ ఎడారిలో ఒంటరిగా నిలిచిన "జీవవృక్షాన్ని" సాధారణంగా ఈ జాతిగానే పేర్కొంటారు. 1986లో వంతెన తెరిచినప్పటినుంచి కారులోనే వెళ్ళి రావచ్చు. పిల్లలను తీసుకువెళ్ళండి. ముల్లు, కాయ, బెరడు వారిచేతనే పరిశీలింపజేయండి. రెమ్మ మాత్రం విరవకండి.