సాధనకు చిన్న తూటా తుపాకి

ఎన్.సి.సి.లో చేరిన విద్యార్థి ఫైరింగు రేంజిలో మొట్టమొదట భుజమునకు చేర్చుకొను తుపాకి, సరిహద్దున సైనికుడు మోయు తుపాకి కాదు. చూపునకు దాని తమ్ముని వలె నుండును గాని, దాని గొట్టము లోపలి వ్యాసము .22 అంగుళము మాత్రమే. అందు పట్టు తూటా చిటికెనవ్రేలి కంటె సన్నము, పొడవు అంగుళము. విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతములలో సైన్యమున చేరవలెనని ఉబలాటపడు యువకులు ఊరూర గలరు. అట్టి యిండ్లలో ఈ చిన్న తుపాకిని గూర్చి రెండు విధములైన మాటలు వినబడుచుండును. అది ఆటవస్తువు వంటిదని కొందరందురు. అసలు తుపాకితో నేర్వని విద్య యేమి విద్యయని మరికొందరందురు. ఈ రెండు మాటలును సరియైనవి కావు. మొదటి మాట ప్రాణాపాయకరము కూడ.

సైనికుని తుపాకిని పోలిన చిన్న తూటా తుపాకితో సాధన చేయించుట నేటి ఆలోచన కాదు. 1899 మొదలు 1902 వరకు దక్షిణాఫ్రికాలో బోయర్లతో జరిగిన యుద్ధమున, వేటలో చేయి తిరిగిన రైతుల గురి ముందర బ్రిటిషు సేనల గురి వెలవెలబోయెను. సిపాయికి సాధన చాలలేదని ఏలికలకు అప్పుడు తోచెను. కాని పెద్ద తూటాలు ఖరీదైనవి. వాటిని కాల్చుటకు వందల గజముల మైదానము కావలెను. ఉపాయముగా పాత సైనిక రైఫిళ్ళలోనే .22 గొట్టములు అమర్చిరి. ఇట్లు పుట్టిన వాటిలో పేరుపడినది లీ-ఎన్‌ఫీల్డు వంశమునకు చెందిన నెంబరు 2 మార్కు 4 అను రైఫిలు. దాని కఱ్ఱ, బరువు, గురి చూచు మొన, వెనుకటి గాడి, బోల్టు త్రిప్పు తీరు అన్నియు .303 రైఫిలువే, తూటా మాత్రము వేరు. తూటాలను ఒక్కొక్కటిగా చేతితో పెట్టవలెను. మాగజైను ఖాళీ డొల్లగా మిగిలి, కాల్చిన తూటాల తొడుగులు పడు బుట్టగా ఉపయోగపడుచుండెను. లెక్క అప్పగించవలసిన హవల్దారుకు ఇది గొప్ప సౌకర్యమని వేరుగ చెప్పనక్కరలేదు.

మన దేశమున ఎన్.సి.సి. 1948లో ఏర్పడినది. చైనా యుద్ధము తరువాత 1963లో కళాశాల విద్యార్థులకు అది నిర్బంధమయ్యెను. 1968లో మరల ఐచ్ఛికమయ్యెను. ఆ అయిదేండ్లలో విజయనగరము మహారాజా కళాశాలలోను, శ్రీకాకుళము కళాశాలలోను చదివినవారు నేడు తాతలు. వారిలో పెక్కుమందికి తుపాకి యనిన నేటికిని ఈ .22 రైఫిలే గుర్తు. కోరుకొండ సైనిక పాఠశాల 1962లో, విజయనగర సంస్థానమువారి ప్యాలెస్‌లో ఆరంభమైనది కూడ ఆ కాలమందే.

కార్బైను అను మాటను గూర్చి ఒకింత చెప్పవలెను. గుఱ్ఱము మీది సైనికునకు పొడవైన తుపాకి అడ్డము గనుక, అతనికై గొట్టము కురుచ చేసిన తుపాకికి ఆ పేరు వచ్చినది. తరువాత పోలీసుల చేతికిని అవి వచ్చెను. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళము చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడి చేసి పట్టుకొనినవి పోలీసు కార్బైనులే. అవి 26 అనియు, తూటాలు 2,500లకు పైబడి యుండెననియు చరిత్ర చెప్పుచున్నది. కాలాళ్ళ పొడవు తుపాకి, ఆశ్వికుల కార్బైను వేరువేరుగా నుండనేల, ఇరువురకును సరిపోవు ఒకే కొలత తుపాకి చేయుదమని తలచి చేసినదే కురుచ లీ-ఎన్‌ఫీల్డు. కాబట్టి మన విద్యార్థులు పట్టిన .22 రైఫిలునకును కార్బైను రక్తము కొంత కలదనవచ్చును.

ఇక చిన్న తూటా ఏల చౌక? పెద్ద తూటాకు అడుగున నడుమ ఒక చిన్న గిన్నె యుండును. పూర్వము మన జజాయి తుపాకులకు రంజకము పోసి ముట్టించెడివారు గదా, ఆ రంజకము పని చేయు మందు అందులో నుండును. సూది వచ్చి ఆ గిన్నెను పొడిచిన నిప్పు పుట్టును. చిన్న తూటాలో గిన్నె లేదు. తొడుగు అడుగున చుట్టును మడిచిన అంచులోనే ఆ మందును పూసి యుంతురు. సూది అంచును నొక్కగానే అది రగిలి లోపలి మందుగుండును అంటించును. అందుచేతనే దీనికి రిమ్‌ఫైర్ అని పేరు. అంచు నలగవలెను గనుక తొడుగు పలుచని రేకుగా నుండవలెను. పలుచని రేకు ఎక్కువ ఒత్తిడికి ఓర్వదు గనుక మందుగుండు కొద్దిగానే పట్టును. చౌకదనము, బలహీనత రెండును ఒక్క మడతలోనే యున్నవి. నేడు లోకమంతట వాడుకలోనున్న .22 లాంగ్ రైఫిల్ తూటా 1887లో అమెరికాలో పుట్టినది. నూటముప్పది యేండ్లు దాటినను దాని స్వరూపము మారలేదు.

బలహీనత యనిన ఎంత? .303 గుండు బరువు 174 గ్రెయిన్లు, అనగా 11 గ్రాములకు పైబడి. అది సెకనుకు సుమారు 2,440 అడుగుల వేగముతో వెడలును. .22 గుండు 40 గ్రెయిన్లు, అనగా 2.6 గ్రాములు, వేగము 1,100 అడుగులకు అటునిటు. లెక్కగట్టిన చిన్నదాని తాకిడి పెద్దదానిలో ఇరువదవ వంతు. భుజమునకు దెబ్బ తగులదు. పెద్ద తుపాకి దెబ్బ తిన్న కుఱ్ఱవాడు రెండవ తూటాకు ముందే కన్నులు మూసికొనును, మీటను గుంజును. ఆ అలవాటు ఒకసారి పట్టిన విడిపించుట కష్టము. చిన్న తుపాకితో ఊపిరి బిగబట్టుట, మీటను మెల్లగా నొక్కుట, గుండు వెడలిన పిదప కూడ గురి చెదరకుండ నిలుచుట, ఇవి భయము లేక చేతికి వచ్చును.

ఎన్.సి.సి. సాధన 25 గజముల దూరమున జరుగును. అక్కడ రెండు అంగుళముల వలయములో అయిదు గుండ్లు వేసిన వాని చేయి, 200 గజముల వద్ద పదునారు అంగుళముల వలయమున వేయగల చేయి యని లెక్క. లెక్క సరియే గాని గాలి, దూరము, గుండు వంపు ఈ లెక్కలోనికి రావు. 50 గజములకు సరిచేసిన .22 గురి 100 గజముల వద్దనే అర అడుగు క్రిందికి దిగును. దూరపు గురిని గూర్చి చిన్న తుపాకి నేర్పునది బహు స్వల్పము. దానిని పెద్ద తుపాకి వద్దనే నేర్వవలెను.

కావున సాధన తుపాకిని ఎంచుకొనునప్పుడు ఏమి చూడవలెను? పైరూపు కాదు. అద్దమునకు తగిన ముఖము వలె అచ్చుగా నున్నదని మురియుట మొదటి పొరపాటు. గురి చూచు మొన, గాడి అసలుదానివలె నున్నవా, మీట బిగువు దాని కెంత దగ్గర, కఱ్ఱ పొడవు పట్టువాని చేతికి సరిపోవునా, ఇవి ముఖ్యములు. బరువు సంగతి ఆలోచింపదగినది. లీ-ఎన్‌ఫీల్డు పోలిక తుపాకి సుమారు ఎనిమిదిన్నర పౌన్లు తూగును. ఎన్.సి.సి.లోనే వాడు డీలక్స్ అను .22 రైఫిలు ఆరు పౌన్లకు కొంచెము పైన. పదమూడేండ్ల బాలునకు, సన్నని చేతుల బాలికకు రెండవదే మేలని మా అభిప్రాయము. బరువు పోలిక కొరకు గురి చెడగొట్టుకొనుట వ్యర్థము.

అమెరికాలో స్థిరపడిన మన ప్రాంతపు కుటుంబములవారికి ఈ ప్రశ్న మరొక రూపమున ఎదురగును. రెండవ ప్రపంచ యుద్ధమున అమెరికా సైన్యము 1941లో స్వీకరించిన ఎం-1 కార్బైను అరువది లక్షలకు పైగా తయారైనది. తేలికైనది, ముచ్చటైనది. దానిని పోలిన .22 తుపాకిని 1960 దశకములో పశ్చిమ జర్మనీలో ఎర్మా సంస్థ చేసెను. నేటి కాలమున ఇటలీలో కియాప్పా సంస్థ చేసినది. అసలు కార్బైనులో గొట్టము నుండి కొంత వాయువు మళ్ళి ఒక చిన్న దండమును తట్టగా బోల్టు వెనుకకు పోవును. పోలికలో ఆ యంత్రము లేదు. తూటా విసురుకే బోల్టు వెనుకకు జరుగును. కనుక విప్పుట, తుడుచుట, చిక్కుపడిన తూటాను తీయుట అసలుదానివలె నుండవు. తాత కాలపు కార్బైను ఇంట నున్నవారు చౌక సాధన కొరకు దీనిని కొనిన అర్థము గలదు. అసలుది లేనివారికి సాధారణమైన బోల్టు రైఫిలే మంచి గురువు; ఒక్కొక్క గుండుకు ఆగి ఆలోచింపజేయును.

మన దేశమున ఈ ఎంపిక అంత విశాలము కాదు. 1959 ఆయుధ చట్టము 1962 అక్టోబరు 1 నుండి అమలులో నున్నది. సైన్యపు .303, 7.62 మిల్లీమీటర్ల తూటాలు పట్టు రైఫిళ్ళు సామాన్యునకు అందని వర్గములో చేర్చబడినవి. ఇషాపూర్ కర్మాగారము పౌరులకై.315 రైఫిలును వేరుగా చేయుటకు కారణ మిదియే. తమంతట తామే తూటా మార్చుకొను రైఫిళ్ళును పరిమిత వర్గములోనివే. కాబట్టి కార్బైను పోలిక తుపాకి కావలెనని కలెక్టరు కచ్చేరికి అర్జీ పెట్టి ప్రయోజనము లేదు. బోల్టుతో నడచు .22 రైఫిలునకైనను లైసెన్సు కావలెను. 2016 నియమముల ప్రకారము భద్రతా శిక్షణ పొందిన పత్రము చూపవలెను. 2019 సవరణ తరువాత ఒక వ్యక్తికి రెండు తుపాకులకు మించి ఉండరాదు. ఎన్.సి.సి. సభ్యుడు ఆ హోదాలో, ఆ పనిలో పట్టు తుపాకికి చట్టము మినహాయింపు నిచ్చినది. విద్యార్థికి అదే దగ్గరి దారి, ఖర్చు లేని దారి.

అది దొరకనివారికి గాలి తుపాకి కలదు. .177 అంగుళమునకు మించని గొట్టము, 20 జౌళ్ళకు మించని తాకిడి గల దానికి లైసెన్సు అక్కరలేదు. పది మీటర్ల జాగా చాలును. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్సులో కాంస్య పతకము గెలిచినది పది మీటర్ల గాలి రైఫిలుతోనే.

ఆటవస్తువన్న మాటకు మరల వత్తుము. ఈ చిన్న గుండు అడ్డము లేక పోయిన యెడల దాదాపు ఒక మైలు పోగలదు. 25 గజముల సాధన తుపాకి గదాయని పొలము గట్టున కాల్చిన, ప్రక్క గ్రామమున గడ్డి కోయువారికి తగులవచ్చును. మెత్తని సీసపు గుండు నీటిని గాని రాతిని గాని ఏటవాలుగా తాకినచో దిశ మార్చి లేచును. చెరువు వైపు కాల్చుట క్షేమమను కొందరి నమ్మకము మిక్కిలి చెడ్డది. వెనుక మెత్తని మట్టి కట్ట లేని చోట ఈ తుపాకిని పేల్చరాదు. చెవులకు దూది చాలదు, తగిన కవచము ఉండవలెను. సీసము చేతుల కంటును గనుక తినుటకు ముందు సబ్బుతో కడుగుకొనవలెను. తూటా లేకుండ మీటను ఊరక నొక్కరాదు. సూది గొట్టపు అంచును కొట్టి రెండును చెడును.

అంచు మందు తూటాలు అప్పుడప్పుడు పేలవు. అంచున మందు సరిగా పరచుకొనని చోట సూది పడుట దీనికి కారణము. అప్పుడు తుపాకి మొన మట్టి కట్ట వైపే యుంచి, అర నిమిషము ఆగి, పిదప బోల్టు తీయవలెను. అట్టి పేలని తూటాను గుర్తుగా జేబులో వేసికొని ఇంటికి తెచ్చు కుఱ్ఱవాండ్రు కలరు. అది చచ్చిన తూటా కాదు, సుత్తి దెబ్బకు గాని పొయ్యి వేడికి గాని పేలవచ్చును. పైగా లైసెన్సు లేక తూటా ఉంచుకొనుట నేరము. చాకిరేవుకు వేయు చొక్కా జేబులో అట్టిది కనబడిన యెడల పారవేయక, దాచక, ఆ దినమే కళాశాల ఎన్.సి.సి. అధికారికి అప్పగింపవలెను.