అపరిచితుల నడుమ అంతర్ముఖుడు

హైదరాబాదుకు పడమట, మూసీనదిపై 1920లో నిర్మాణం పూర్తయిన ఉస్మాన్‌సాగర్ తీరాన చిల్కూరు గ్రామం ఉంది. వీసా కోరి మొక్కుకునే యువతీయువకుల వల్ల అక్కడి బాలాజీ ఆలయం ఖండాంతరాలలోని తెలుగువారికి కూడా పరిచితమైంది. చిల్కూరుకు, చుట్టుపట్ల మొయినాబాదు గ్రామాలకు ఇటీవలి దశాబ్దాలలో మరొక రకం యాత్రికులు కూడా వస్తున్నారు. నగరంలోని సంస్థలు తమ ఉద్యోగులను రెండు మూడు రోజుల శిక్షణ శిబిరాల కోసం ఇక్కడి రిసార్టులకు పంపుతుంటాయి. వేర్వేరు శాఖలకు చెందిన ముప్పై నలభై మంది ఒక గదిలో చేరతారు. వారిలో చాలామంది ఒకరినొకరు అంతకుముందు చూసి ఎరుగరు.

కుర్చీలు వలయాకారంగా వేసి ఉంటాయి. ప్రతివారి మెడలో పేరుచీటీ వేలాడుతుంటుంది. ‘మీ గురించి ఒక నిమిషం చెప్పండి’ అనే మాటతో శిక్షణ ఆరంభమవుతుంది. అంతర్ముఖుడైన ఉద్యోగి తన వంతుకు ముందు ఎందరున్నారో లెక్కపెట్టుకుంటాడు. తన వాక్యాలు కూర్చుకోవడంలోనే మనసు నిలిచిపోయి, పక్కవారి పేరు కూడా చెవికెక్కదు. ఈ చివరి ఇబ్బంది ఒక్క అంతర్ముఖులకే పరిమితం కాదు. తన వంతు దగ్గరపడిన మనిషి తనకు ముందు మాట్లాడినవారి మాటలను సరిగా గుర్తుంచుకోలేడని బ్రెన్నర్ అనే పరిశోధకుడు 1973లోనే నిరూపించాడు. అసలు శ్రమ తేనీటి విరామంలో మొదలవుతుంది. ఇతరులకు అది విశ్రాంతి. అతనికి అదే పని. భోజనవేళ పళ్ళెం పట్టుకుని ఏ బల్ల దగ్గరకు వెళ్ళాలన్నది ఒక సమస్య. రాత్రి గదిలోనైనా ఏకాంతం దొరుకుతుందనుకుంటే, అక్కడా ఒక అపరిచితుడే సహవాసి.

ఇదంతా అతని సొంత ఇబ్బందిగా ముగిసిపోతే చింతించవలసింది లేదు. కాని శిక్షకుడు ఎవరెవరు ఎంత చొరవ చూపారో గమనిస్తుంటాడు. ఆ అభిప్రాయం పై అధికారులకు చేరితే, పదోన్నతి వేళ దానికీ విలువ ఉంటుంది. మాట్లాడనివాడికి విషయం తెలియదని కొందరు, తెలిసినా గర్వమని కొందరు భావిస్తారు. రెండూ తొందరపాటు తీర్పులే. అంతర్ముఖత, బహిర్ముఖత అనే భావనలను స్విట్జర్లాండు మనోవైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో వెలువరించిన గ్రంథం ప్రచారంలోకి తెచ్చింది. మనిషి ఆసక్తి బయటి ప్రపంచం వైపు ప్రవహిస్తుందా, లోపలి ఆలోచన వైపు ప్రవహిస్తుందా అన్నదే వాటి మధ్య భేదం. బిడియం వేరు. బిడియస్తుడు ఇతరుల తీర్పుకు భయపడతాడు. అంతర్ముఖుడు భయపడకపోయినా అలసిపోతాడు.

ఈ భేదం తెలియాలంటే శిబిరం వదిలి చిల్కూరు ఆలయానికి వెళ్ళాలి. కోరిక చెప్పుకునేవారు పదకొండు, కోరిక తీరినవారు నూట ఎనిమిది ప్రదక్షిణలు చేయడం అక్కడి ఆచారం. సెలవురోజున వేలమంది భుజాలు రాసుకుంటూ నడుస్తారు. అయినా ఎవరి లెక్క వారిదే. నూట ఎనిమిది అంకెలున్న చీటీపై ఒక్కొక్కటే గుర్తు పెట్టుకుంటూ సాగిపోతారు. ముప్పై మంది నడుమ ఉక్కిరిబిక్కిరైన ఉద్యోగి ఆ వేలమంది నడుమ హాయిగా నడవగలడు. జనం ఒక్కటే అతన్ని అలసింపజేయదు. క్షణంలో మాట పుట్టించమనే ఒత్తిడి అలసింపజేస్తుంది.

మన పూర్వులు ఈ రెండు స్వభావాలనూ గౌరవించారు. ఎదుటివారికంటే తానే ముందుగా పలకరించే శ్రీరాముణ్ణి వాల్మీకి పూర్వభాషి అన్నాడు. ఆ వంశపు రాజులనే కాళిదాసు రఘువంశంలో మితభాషులని ప్రశంసించాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందని తెలుగు సామెత. దానిని మనసా నమ్మినవాడు మాట తూచడానికి కొంత వ్యవధి అడగడం సహజమే కదా!

ఆ వ్యవధి ఇవ్వడం సంస్థకూ లాభమే. అందరూ కలిసి కూర్చుని తోచినదల్లా పైకి చెబితే ఆలోచనలు వెల్లువెత్తుతాయని అమెరికాకు చెందిన వాణిజ్య ప్రకటనల నిపుణుడు అలెక్స్ ఆస్బర్న్ 1953లో తన గ్రంథంలో వాదించాడు. శిక్షణ శిబిరాలు ఆ పద్ధతిని నేటికీ విడిచిపెట్టలేదు. అయితే 1958లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దానిని పరీక్షించినప్పుడు ఫలితం తారుమారైంది. నలుగురు కలిసి చెప్పిన ఆలోచనల కంటే, అంతే సంఖ్యలో విడివిడిగా పనిచేసినవారి ఆలోచనలను కలిపితే ఎక్కువయ్యాయి. ఒకరు మాట్లాడుతుండగా తక్కినవారు వేచి ఉండవలసి రావడం దీనికి ముఖ్యకారణమని డీల్, స్ట్రోబె 1987లో తేల్చారు. ఆ నిరీక్షణలో ఆలోచన జారిపోతుంది.

ముందు రాయించి, తరువాత మాట్లాడించే పద్ధతి తెలుగునేలకు కొత్త కాదు. హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్లెలాండ్ 1960ల నడుమ కాకినాడ వ్యాపారులకు హైదరాబాదులోని చిన్నపరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో తరగతులు జరిపించాడు. సుమారు యాభై మంది వచ్చారు. వారు బొమ్మలు చూసి కథలు రాశారు; తమ కథలలో సాధించాలన్న తపన ఎంత ఉందో తామే పరిశీలించుకున్నారు. శిక్షణ పొందినవారు పొందనివారి కంటే వ్యాపారంలో చురుకుగా ఉన్నారని మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ 1969లో ప్రకటించారు. అది అంతర్ముఖులను ఉద్దేశించిన శిక్షణ కాదు. అయినా అందులో కలానికి చోటు దొరికింది.

మొయినాబాదు శిబిరాలలోనూ ఇది అసాధ్యమేమీ కాదు. ప్రశ్న వేసి అయిదు నిమిషాలు రాసుకోనివ్వవచ్చు. ముప్పై మంది ముందు కాక, మొదట పక్కనున్న ఒక్కరితో చెప్పించవచ్చు. చర్చనీయాంశాలను ముందురోజే అందజేయవచ్చు. ప్రస్తుతం చాలాచోట్ల కాగితం చేతికిచ్చేది చివరి గంటలోనే, అభిప్రాయపత్రం రూపంలో. మూడు రోజులూ పెదవి విప్పని ఉద్యోగి అందులో ఇచ్చిన గీతలు చాలక కాగితం వెనుకవైపు కూడా నింపుతాడు. అప్పటికి బయట బస్సు సిద్ధంగా ఉంటుంది.